పిల్లి కూతలకు నిఘంటువు సాధ్యమా?

పిల్లి అరుపులో ఏదో భాష ఉన్నదనే నమ్మకం చాల పాతది. ఆ నమ్మకాన్ని కాగితంమీద పెట్టి, ఒక్కొక్క కూతకు అక్షరాలు కూర్చి, పేరు పెట్టి, పరీక్షకు నిలబెట్టిన ముఖ్యమైన రచన 1944లో వెలువడింది. మిల్‌డ్రెడ్ మోల్క్ అనే పరిశోధకురాలు పెంపుడుపిల్లి కూతలను ధ్వనిశాస్త్రరీత్యా, ప్రయోజనరీత్యా పరిశీలించి ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకాలజీ’ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఎనభై సంవత్సరాలు దాటినా పిల్లి కూతలను గూర్చి వ్రాసేవారు సాధారణంగా ఆ వ్యాసంతోనే మొదలుపెడుతూ ఉంటారు. ఇంతటి గౌరవం పొందిన రచనను నేటి జ్ఞానంతో మరల తూచి చూడడం అవసరం. ఏలనన, దానిలోని బలమూ, బలహీనతా రెండూ ఈనాటి చేతి ఫోనులలోకి కూడ దిగివచ్చినవి. ఒక్క సందర్భంలోనైతే ఆ బలహీనత పిల్లి ప్రాణానికే ముప్పు తేగలదు. ఆ సందర్భం ఇసుకపెట్టె దగ్గర వస్తుంది.

మోల్క్ చేసిన మంచి పని ఏమిటంటే, కూతలను వాటి భావాన్ని బట్టి కాక, నోరు మెదిలే తీరును బట్టి ముందుగా విడదీయడం. నోరు మూసికొని చేసే ధ్వనులు మొదటి తరగతి. ఒడిలో పడుకొన్న పిల్లి చేసే గురగుర, ఇంటివారు కనబడగానే గొంతులో పలికే చిన్న పలకరింపు ఈ తరగతిలోనివి. నోరు తెరచి, క్రమంగా మూస్తూ చేసేవి రెండవ తరగతి. నోటిని బిగించి తెరచి ఉంచి చేసేవి మూడవ తరగతి. పోట్లాటలోని గుర్రు, బుస, నొప్పి కలిగినప్పటి కేక, జతకూడే కాలపు గావుకేక ఇందులో చేరుతాయి. ఈ మూడు తరగతులలో కలిపి ఆమె 16 నమూనాలను గుర్తించారు.

రెండవ తరగతి అంటే ఏమిటో తెలుగు విద్యార్థికి వివరించడానికి యంత్రమేదీ అక్కరలేదు. ‘మ్యావు’ అనే మాటను మెల్లగా పలికి చూస్తే చాలును. ‘మ’కారం వద్ద పెదవులు కలుస్తాయి, ‘యా’ వద్ద నోరు పూర్తిగా తెరుచుకొంటుంది, ‘వు’ వద్ద పెదవులు గుండ్రనై తిరిగి దగ్గరకు వస్తాయి. పసిపిల్లలకు నేర్పే ఈ రెండక్షరాల మాటలో మోల్క్ సూత్రం ఇమిడి ఉన్నది. పిల్లి పేరుతో పుట్టిన ఈ మాట చాల భాషలలో ఒకే పోలికతో ఉండడానికి కారణం కూడ ఇదే. పిల్లి నోరు మెదిలిన తీరునే మనిషి నోరు అనుకరించింది.

ఇంతవరకు వ్యాసం గట్టి నేలమీద నడుస్తుంది. ఆ తరువాత నమూనాలకు పేర్లు పెట్టడం మొదలవుతుంది: కోరిక, బతిమాలడం, దిగ్భ్రమ, ఫిర్యాదు. ఇక్కడ నేల మెత్తబడింది. నోరు తెరుచుకొన్నదా లేదా అన్నది ఇద్దరు పరిశీలకులు చూచి ఏకీభవించగల సంగతి. పిల్లి దిగ్భ్రమ చెందినదా అన్నది అట్టిది కాదు. పాలగిన్నె ఎదుట కూర్చొని అరచింది గనుక ఆ కూతకు ‘కోరిక’ అని పేరు పెట్టినారు. తరువాతి పాఠకుడు గిన్నెను మరచిపోయి, ఆ కూతలోనే కోరిక ఉన్నదని భావిస్తాడు. సందర్భంనుంచి తీసికొన్న అర్థాన్ని శబ్దంలో దాచిపెట్టి, మరల శబ్దంలోనుంచి తీసి చూపడం ఇది. తర్కం చదివినవారు దీనిని చక్రకదోషం అంటారు.

దీనికి మోల్క్‌ను తప్పు పట్టవలసినది కొంతమాత్రమే. ఆమె చేతిలో ఉన్న ప్రధాన పరికరం చెవి. ధ్వనిని కాగితంమీద చిత్రంగా గీసే సౌండ్ స్పెక్ట్రోగ్రాఫ్ అనే యంత్రాన్ని గూర్చి అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు ప్రకటించినది 1946లో. చెవి ఎంత చురుకైనదైనా, విన్నదానిని తనకు తెలిసిన భాషలోని అక్షరాలలోకి మలచుకొంటుంది. అయితే ‘అర్థం’ అనే మాటను ఆమె విరివిగా వాడుకొన్న తీరుకు పరికరాల కొరత కారణం కాదు.

అర్థం నిజంగా శబ్దంలోనే ఉంటే, శబ్దాన్ని మాత్రమే వినిపించినా వినేవాడు పోల్చగలగాలి. ఈ పరీక్షను కోర్నెల్ విశ్వవిద్యాలయంలో నికొలస్ నికాస్ట్రో, మైకేల్ ఓరెన్‌లు చేసి, 2003లో ప్రకటించారు. వేరువేరు సందర్భాలలో రికార్డు చేసిన మ్యావులను, పిల్లి కనబడకుండ, మనుష్యులకు వినిపించారు. ఏ కూత ఏ సందర్భానిదో చెప్పమన్నారు. ఊరక ఊహించినదానికంటె ఫలితం కొంచెం మేలు, అంతకుమించి కాదు. ఒక్క కూతను వినిపించినప్పటికంటె వరుసగా అనేక కూతలను వినిపించినప్పుడు కొంత బాగా చెప్పగలిగారు. పిల్లులతో అలవాటు ఉన్నవారు లేనివారికంటె కొంత మెరుగు. మాటల నిఘంటువు ఉన్న భాషలో ఇట్టి ఫలితం రాదు. ‘నీళ్ళు’ అన్న మాట తెలిసినవాడు అది గదిలో విన్నా, పొలంలో విన్నా ఒక్కటే గుర్తిస్తాడు.

దీనికంటె ఆసక్తికరమైనది ఇంగ్లండులో సారా ఎల్లిస్, ఆమె సహచరులు 2015లో ప్రకటించిన పరిశోధన. పిల్లుల యజమానులకు వారి సొంత పిల్లుల కూతలను, పరాయి పిల్లుల కూతలను కూడ వినిపించారు. తమ పిల్లి విషయంలో వారు సందర్భాన్ని ఊహకు మించిన స్థాయిలో పోల్చగలిగారు. పరాయి పిల్లి విషయంలో ఆ నేర్పు నిలువలేదు. పరీక్షకు వచ్చినవారు కొద్దిమందే కావడం ఈ పరిశోధనకు లోటే. అయినప్పటికీ ఇది చూపే దారి మోల్క్ దారికి భిన్నమైనది. పిల్లులన్నిటికీ కలిసి ఒక భాష ఉండడానికి బదులు, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పిల్లీ దాని మనిషీ కలిసి ఏర్పరచుకొన్న సంకేతాలు ఉన్నట్లు ఇది సూచిస్తుంది.

అది ఎట్లా ఏర్పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావుమనడం అరుదు. ఆ కూత పిల్లిపిల్లకు తల్లితో పని. పెంపుడు ఇంట్లో మాత్రం అది పెద్దయిన తరువాత కూడ నిలిచిపోతుంది. తల్లి స్థానంలో మనిషి నిలుస్తాడు. ఒక తీరుగా అరచినప్పుడు తలుపు తెరుచుకొంటే ఆ తీరు బలపడుతుంది, తెరుచుకొనకపోతే వాడిపోతుంది. ఎవరు ఎవరికి శిక్షణ ఇస్తున్నారన్నది అడగవలసిన ప్రశ్నే! నికాస్ట్రో 2004లో పెంపుడుపిల్లి కూతలను ఆఫ్రికా అడవిపిల్లి కూతలతో పోల్చారు. పెంపుడుపిల్లి కూత పొట్టిది, హెచ్చు స్థాయిది; మనుష్యుల చెవికి ఇంపైనదిగా కూడ తోచింది. పెంపుడుపిల్లి వంశం ఆ అడవిపిల్లినుంచే వచ్చినదని గుర్తుంచుకొంటే ఈ భేదానికి విలువ ఎక్కువ.

అయితే శబ్దంలో అసలు ఏమీ లేదనడం కూడ తొందరపాటే. స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయంలో సుజానె షోట్స్, మనిషి మాటలలోని రాగాన్ని కొలిచే పద్ధతినే మ్యావులకు ప్రయోగించారు. తిండికోసం ఎదురుచూచే పిల్లి కూత చివర స్వరం పైకి లేవడం, పశువైద్యుని వద్దకు తీసికొనిపోయే పిల్లి కూతలో స్వరం క్రిందికి దిగడం ఆమె ఎక్కువగా గమనించారు. గురగురను గూర్చి ససెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెకోంబ్ బృందం 2009లో చేసిన పరిశోధన మరింత చక్కనిది. మామూలు గురగుర సెకనుకు ఇరవై ముప్ఫై ప్రకంపనలు గల మంద్రధ్వని. తిండి కోరే పిల్లి గురగురలో ఆ మంద్రం అడుగున మరొక స్వరం దాగి ఉన్నది. దాని పౌనఃపున్యం సుమారు 380 హెర్ట్జ్. అది ఏడుపును పోలినది. ఆ స్వరాన్ని యంత్రంతో తొలగించి వినిపిస్తే, వినేవారికి అదే గురగురలో తొందర తగ్గినట్లు తోచింది. ఇక్కడ సందర్భాన్ని ఊహించి పేరు పెట్టలేదు. శబ్దంలోని ఒక భాగాన్ని తీసివేసి, ఫలితం మారుతుందో లేదో చూచారు. మోల్క్ వ్యాసంలో లోపించిన మెట్టు ఇదే.

గురగుర అంటే సుఖమే అనే నమ్మకాన్ని కూడ ఇక్కడ ప్రశ్నింపవలసి ఉన్నది. గాయపడిన పిల్లి, జబ్బుతో మూలకు ఒదిగిన పిల్లి కూడ గురగురమంటుంది. ఆ ధ్వని ఎట్లా పుడుతున్నదనే విషయంలోనే పండితులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. మెదడు ఆజ్ఞతో స్వరపేటిక కండరాలు క్షణక్షణమూ బిగిసి వదలడంవల్ల పుడుతుందని చాల కాలం చెప్పుకొన్నారు. 2023లో వియెన్నాలోని క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ బృందం, చనిపోయిన ఎనిమిది పిల్లుల స్వరపేటికలలోనికి తేమగాలిని ఊది, కండరాల పని లేకుండగనే ఆ స్థాయి ప్రకంపనలను పుట్టించింది. నాదతంత్రులలో ఉన్న మెత్తని కణజాలపు దిండ్లు అందుకు తోడ్పడుతున్నవని వారి అభిప్రాయం. అయినా చనిపోయిన స్వరపేటిక ఒక పని చేయగలదని చూపడం ఒకటి, బ్రతికిన పిల్లి ఆ విధంగానే చేస్తున్నదని చూపడం మరొకటి. మొదటిది రుజువైనది. రెండవది ఇంకా రుజువు కావలసి ఉన్నది.

ఇక చేతి ఫోనులోని దుబాసీలు. 2020లో ‘మ్యావ్‌టాక్’ అనే పరికరం అమెరికాలో వెలువడింది. ఫోను పిల్లి కూతను వింటుంది. ‘ఆకలిగా ఉన్నది’ వంటి వాక్యం తెరమీద చూపుతుంది. నచ్చకపోతే యజమాని దానిని సవరించవచ్చును. ఆ సవరణలనుంచి అది ఆ పిల్లి తీరును నేర్చుకొంటుంది. ఒక్కొక్క పిల్లికి వేరు లెక్క పెట్టడం ఎల్లిస్ పరిశోధనకు అనుగుణంగానే ఉన్నది గనుక ఇది ప్రశంసింపదగిన అంశం. కాని సవరించేవాడు యజమాని. అతడు ఊహించినదే యంత్రానికి పాఠమవుతుంది. యంత్రం ఆ పాఠాన్నే తిరిగి అప్పగిస్తుంది. యజమాని ‘సరిగ్గా చెప్పింది’ అని సంతోషిస్తాడు. మోల్క్ చక్రకదోషమే ఇక్కడ మరింత వేగంగా తిరుగుతున్నది.

ఈ దోషం వంటయింట్లో పెద్ద నష్టం చేయదు. ఆకలి లేని పిల్లికి ఒక చేపముక్క ఎక్కువ దొరుకుతుంది, అంతే. ఇసుకపెట్టె దగ్గర సంగతి వేరు.

మగపిల్లికి మూత్రాశయంనుంచి వెలుపలికి వచ్చే నాళం చివరకు వచ్చేసరికి చాల ఇరుకవుతుంది. జిగటపదార్థమూ, మెగ్నీషియం అమోనియం ఫాస్ఫేట్ స్ఫటికాలూ కలిసి గట్టిపడిన బిరడా వంటిది ఆ ఇరుకులో చిక్కుకొనవచ్చును. అప్పుడు పిల్లి ఇసుకపెట్టెలోకి పోయి కూర్చొని ముక్కుతుంది; ఏమీ రాక బయటికి వస్తుంది; కొద్దిసేపటికే మరల పోతుంది; దీర్ఘంగా అరుస్తుంది. మూత్రద్వారాన్ని మాటిమాటికి నాకుకొంటుంది. ఇసుక పొడిగానే ఉంటుంది, లేదా రెండు నెత్తుటి చుక్కలు పడతాయి. ముక్కడం చూచిన ఇంటివారు మలబద్ధకం అనుకొని ఊరకుంటారు. అరుపు మాత్రమే విన్నవారు తిండి పెడతారు. ఈలోగా శరీరంనుంచి బయటకు పోవలసిన యూరియా, పొటాసియం రక్తంలో పేరుకొంటాయి. పొటాసియం హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది. పూర్తిగా అడ్డుపడిన పిల్లి రెండు మూడు రోజులలో చనిపోవచ్చును. పశువైద్యుడు సన్నని గొట్టంతో ఆ అడ్డు తొలగించవలసినది అదే రోజున. మరునాటికి వాయిదా వేయదగినది కాదు. ఆడపిల్లిలో ఈ నాళం వెడల్పైనది, పొట్టిది గనుక ఇట్టి అడ్డు అరుదు.

ఈ పిల్లి వేసిన కేకను మాత్రమే రికార్డు చేసి నిఘంటువులో వెదకితే ఏమి దొరుకుతుంది? దీర్ఘమైన మ్యావు, ‘ఫిర్యాదు’ కావచ్చును, ‘కోరిక’ కావచ్చును. ప్రాణం కాపాడగల సమాచారం కూతలో లేదు. అది పొడి ఇసుకలో ఉన్నది, పిల్లి కూర్చొన్న భంగిమలో ఉన్నది, గంటకు ఎన్నిసార్లు పెట్టెలోకి పోయిందన్న లెక్కలో ఉన్నది.

పెట్టె బయట మూత్రం పోసే పిల్లిని గూర్చి కూడ ఇట్టి తప్పు పఠనమే జరుగుతున్నది. ‘కసి తీర్చుకొంటున్నది’ అని కొందరు నిస్సంకోచంగా తీర్పు చెబుతారు. పిల్లి నిలుచుండి, తోక నిట్టనిలువుగా ఎత్తి, దానిని వణికిస్తూ, గోడమీదికి వెనుకకు చిమ్మితే అది గుర్తు వేయడం. కూర్చొని నేలమీద పోస్తే అది విసర్జన. రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. మొదటిది వీర్యం తీయని మగపిల్లిలో మెండు. శస్త్రచికిత్స చేయిస్తే చాలవరకు తగ్గుతుంది. రెండవదానికి నొప్పి ఒక ముఖ్యకారణం. పెట్టెలో కూర్చొన్నప్పుడు మంట పుట్టిన పిల్లి, ఆ మంటకు పెట్టెనే కారణంగా భావించి, చల్లని స్నానాలగది గచ్చును వెదకికొంటుంది. ఇందులో కసికి చోటు లేదు.

మూత్రవిసర్జనలో బాధపడే పిల్లులలో సగానికి పైగా, ఎంత వెదకినా రాయి గాని, సూక్ష్మజీవి గాని కనబడదు. కారణం తెలియని ఈ మూత్రాశయపు వాపును గూర్చి ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ ఎంతో కాలం పరిశోధించారు. పిల్లి బ్రతికే పరిసరాలలోని ఒత్తిడికీ ఈ వ్యాధికీ సంబంధమున్నదని ఆయన వాదం. 2006లో ఆయన బృందం 46 పిల్లుల ఇండ్లలో పరిసరాలను మార్పించింది. దాగుకొనే చోట్లు, ఎక్కి కూర్చొనే ఎత్తులు కల్పించారు, ఇసుకపెట్టెలను సరిచేయించారు. వ్యాధిలక్షణాలు బాగా తగ్గినవి. కాని ఈ పరిశోధనలో ఏ మార్పూ చేయని పిల్లుల జట్టు పోలికకు లేదు. ఈ వాపు తనంతట తాను వచ్చి పోయే స్వభావం గలది గనుక అది చిన్న లోపం కాదు. సూచించిన మార్పులు పిల్లికి హానికరమైనవి కావు గనుక పాటింపవచ్చును. ఫలితాన్ని మాత్రం తక్కెడలో కొంచెం తగ్గించి తూచవలె.

ఇసుకపెట్టె చరిత్ర కూడ ఇక్కడ గమనింపదగినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఎడ్వర్డ్ లో అనే వర్తకుడు, పొరుగావిడ ఇసుక అడిగితే, నూనెమరకలు పీల్చడానికి అమ్మే బంకమట్టి పలుకులను ఇచ్చినాడు. అది 1947లో. తెలుగువారు ముల్తానీ మట్టి అనేది ఈ జాతిదే. అంతకుముందు బూడిద, ఇసుక, రంపపుపొట్టు వాడేవారు. తడి తగలగానే ముద్దకట్టే బెంటొనైట్ మట్టి 1980లలో వచ్చింది. ఆ తరువాత వచ్చిన ‘మెరుగుల’లో పరిమళాలు మనిషి ముక్కు కొరకు, మూతపెట్టెలు మనిషి కన్ను కొరకు. పిల్లులలో చాలభాగం వాసన వేయని, సన్నని రేణువులు గల మట్టినే ఎన్నుకొన్నట్లు పరిశోధనలలో కనబడింది. పెద్దపెట్టె, చిన్నపెట్టె పక్కపక్కన పెడితే పెద్దదానికే మొగ్గినవి. రోజూ శుభ్రం చేయవలెననే నియమంలో మనిషి ఆరోగ్యం కూడ ఉన్నది. కొన్ని పిల్లుల మలంలో వెలువడే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటురూపానికి మారడానికి కనీసం ఒక రోజు పడుతుంది; ఆలోగా తీసివేస్తే ప్రమాదం చాల తగ్గుతుంది. గర్భిణులు ఈ పని ఇతరులకు అప్పగించడం మంచిది.

తెలుగు పల్లెలలోని పిల్లికి ఈ పెట్టెలతో సాధారణంగా పని లేదు. పెరటి మట్టి, బూడిదకుప్ప, ఇల్లు కట్టేవారు రోడ్డువార పోసిన ఇసుక దానికి చాలును. అందువల్ల దానికి మూత్రం బంధించినా ఎవరి కంటా పడదు. పట్టణాలలో అంతస్తుల ఇండ్లలో తలుపు దాటని పిల్లులు పెరుగుతున్న కొద్దీ ఇసుకపెట్టె పరిశీలన ఇక్కడివారికి కూడ కొత్త అవసరమవుతున్నది.

ఈ పరిశీలన ఎట్లా ఉండవలెనో చూపిన రచన ఒకటి 2017లో వచ్చింది. రాగన్ మెక్‌గవన్, ఆమె సహచరులు పిల్లి ఇసుకపెట్టెలో చేసే పనులను ఒకదానికొకటి భిన్నమైన రెండు ఏర్పాట్లలో చూచి, ఒక వివరమైన పట్టిక తయారుచేశారు: వాసన చూడడం, గోకడం, తిరగడం, కూర్చొనడం, కప్పడం, పెట్టె అంచుమీద కాలు పెట్టి నిలుచోవడం మొదలైనవి 39. ‘అసంతృప్తి’, ‘కోపం’ వంటి పేర్లతో పట్టికను నింపకుండ, కంటికి కనబడే చేష్టలను వ్రాయడం దీని సుగుణం. కూతల విషయంలో మోల్క్ మొదటి మెట్టుమీద చేసి, రెండవ మెట్టుమీద వదలిపెట్టిన పని ఇదే. ఈ రెండు పట్టికలను ఒక్కచోట చేర్చిన పరిశోధన అరుదు. కూతలవారు పెట్టెను చూడరు. పెట్టెవారు కూతను వినరు.

ఇంట పిల్లి ఉన్న విద్యార్థులచేత ఆ పని కొద్దిగా చేయించడం జీవశాస్త్ర ఉపాధ్యాయులకు అసాధ్యం కాదు. కావలసినది ఒక నోటుపుస్తకం, గడియారం. పుటను ఐదు గళ్ళుగా గీయించాలి: సమయం, నోరు మూసి ఉన్నదా, తెరచి మూసినదా, తెరచియే ఉన్నదా, పిల్లి ఎక్కడ, ఏ భంగిమలో ఉన్నది, అరుపుకు ముందు ఏమి జరిగింది, ఏమి జరిగిన తరువాత అరుపు ఆగింది. ఆకలి, కోపం, ప్రేమ అనే మాటలకు ఈ పుటలో గడి ఉండరాదు. పదిరోజుల తరువాత తలుపు తీయగానే ఆగిన మ్యావులెన్ని, గిన్నె నింపగానే ఆగినవెన్ని, ఏమి చేసినా ఆగనివెన్ని లెక్కించవలె. ఇద్దరు విద్యార్థులు ఒకే పిల్లిని వేరువేరుగా చూచి వ్రాస్తే, వారి పుటలు ఎక్కడ కలిసినవో, ఎక్కడ కలియలేదో తరగతిలో నల్లబల్లమీద పక్కపక్కన వ్రాసి చూపవచ్చును. ఏమి చేసినా ఆగని కూతల పక్కన మూడవ గడిలో ‘ఇసుకపెట్టె’ అని మాటిమాటికి కనబడితే, ఆ పుటను పశువైద్యునికి చూపడానికి పదిరోజులు నిండేవరకు ఆగనక్కరలేదు.